మదనపల్లె సీమలో నర్సు పెద్దరికం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో నర్సు చేతికి బాధ్యత ముందొచ్చింది. దానికి తగిన పెద్ద చదువు చాలా ఆలస్యంగా వచ్చింది. వార్డు నడపడం, కొత్తవాళ్లకు పని నేర్పడం, డాక్టరు లేని రాత్రి రోగి పరిస్థితి చూసి ఏం చేయాలో తేల్చుకోవడం మిషన్ ఆసుపత్రుల్లో నూరేళ్ల కిందటే నర్సుల పని. ఆ పనిలో ఉన్నవారికి మాస్టర్స్ పట్టా ఇవ్వడం మాత్రం దేశంలోనే 1959లో మొదలైంది. పట్టా వచ్చాక కూడా ఈ ఎడం పూడలేదు. పెద్ద చదువు చదివిన నర్సు వార్డుకు కాక తరగతి గదికి వెళ్లడంతో అది మరో రూపం తీసుకుంది.

ఈ మూడు ఊళ్లూ మొదటినుంచీ ఒకే పాలనలో ఉన్నవి కావు. మదనపల్లె తాలూకా కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు, కుప్పం రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోని జమీన్లకు చెందినవి. పుంగనూరు దాని పేరుగల సంస్థానానికి కేంద్రం, కుప్పం కంగుంది జమీనులోది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇవన్నీ ఒక గొడుగు కిందికి వచ్చాయి. కుప్పం చుట్టుపక్కల తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. బెంగళూరు నుంచి జోలార్‌పేట మీదుగా కాట్పాడి వెళ్లే రైలు మార్గంలో ఉండడంవల్ల కుప్పానికి వేలూరు దగ్గర. మదనపల్లెకు రైలు ఊళ్లోకి రాదు. మదనపల్లె రోడ్డు అనే పేరున్న స్టేషను చిన్నతిప్పసముద్రం దగ్గర ఉంది, అక్కడినుంచి పాకాల మీదుగా కాట్పాడికి దారి. ఈ రైలు దారులను ముందే చెప్పుకోవడానికి కారణం ఉంది: ఈ సీమ నర్సింగ్ చదువు చాలాకాలం వేలూరు వైపే చూసింది.

ఆ చూపుకు మూలం అమెరికన్ ఆర్కాట్ మిషన్. రిఫార్మ్డ్ చర్చికి చెందిన స్కడర్ సోదరులు 1853లో ఈ మిషన్‌ను స్థాపించారు. దాని తెలుగు శాఖకు 1863లో జేకబ్ చేంబర్లేన్ మదనపల్లెలో పునాది వేశారు. ఆయన మతప్రచారకుడే కాక వైద్యుడు కూడా. మందుల గది ఎక్కడ తెరిచినా జనం గుమిగూడేవారు, కానీ ఆ జనంలో ఆడవాళ్లు తక్కువ. పరాయి మగవాడికి నాడి చూపించడానికి కుటుంబాలు ఒప్పుకునేవి కావు. కాన్పులు మంత్రసానుల చేతుల్లోనే జరిగేవి. ఆడ డాక్టర్లు కావాలి, వారికి సాయంగా ఆడ నర్సులు కావాలి అన్న అవసరం దక్షిణాది మిషన్లన్నిటికీ ఇలాగే తెలిసొచ్చింది. ఇదే మిషన్ కుటుంబంలో పుట్టిన ఐడా స్కడర్ వేలూరులో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రిని 1902లో ప్రారంభించి, 1909లో నర్సుల శిక్షణకు పాఠశాల పెట్టారు. దాన్ని నడపడానికి అమెరికా నుంచి డెలియా హౌటన్ అనే నర్సు వచ్చారు.

మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి 1911లో మొదలైంది. డాక్టర్ లూయిసా హార్ట్ దాని తొలి దశను నడిపించారు. స్త్రీలకు, పిల్లలకు వైద్యం అందించడమే దాని ముఖ్యోద్దేశం. పుంగనూరు వంటి చిన్న కేంద్రాల్లో మిషన్ డిస్పెన్సరీల ద్వారా వైద్యం సాగేది. డిస్పెన్సరీ అంటే పెద్ద ఆసుపత్రికి కొమ్మ వంటిది. డాక్టరమ్మ అక్కడ రోజూ ఉండదు, వచ్చిపోతూ ఉంటుంది. మిగతా రోజుల్లో కట్లు కట్టడం, కాన్పుకు వెళ్లడం, ఎవరిని బండి కట్టించి మదనపల్లెకు పంపాలో చెప్పడం అక్కడున్న నర్సు, కంపౌండరు చూసుకోవలసిందే. ఇప్పటి పాఠ్యపుస్తకాలు క్లినికల్ నాయకత్వం అని పిలిచే దానిలో సగం ఆ నిర్ణయాల్లోనే ఉంది. దానికి అప్పట్లో పేరూ లేదు, జీతంలో తేడా కూడా లేదు.

ఆ తొలి నర్సులు ఎవరన్నది కూడా ఈ కథలో ముఖ్యం. ఎక్కువమంది మిషన్ బోర్డింగ్ బళ్లలో చదివిన క్రైస్తవ కుటుంబాల అమ్మాయిలు. వారిలో చాలామంది కుటుంబాలు ఒకటి రెండు తరాల ముందు మాల మాదిగ వాడల నుంచి వచ్చినవి. భర్త పోయిన యువతులూ కొందరు ఈ పనిలోకి వచ్చారు. మలమూత్రాలు, చీమూనెత్తురూ ముట్టుకునే పనిని, రాత్రిళ్లు ఇంటి బయట ఉండే పనిని పై కులాలవారు తమ ఆడపిల్లలకు తగినదిగా భావించలేదు. ఫలితంగా ఒక వింత పరిస్థితి ఏర్పడింది. ఊళ్లో తన ఇంటి గడప తొక్కనివ్వని మనిషి ఆసుపత్రి మంచం మీద పడుకున్నాక అదే అమ్మాయి చెప్పిన వేళకు మందు మింగాలి, ఆమె లేవద్దంటే లేవకూడదు. ఆ అధికారం ఆమెకు తెల్లటి యూనిఫారం వల్ల వచ్చింది, ఆ గోడలు దాటితే నిలవలేదు. నర్సింగ్‌కు సమాజంలో గౌరవం ఎందుకు ఆలస్యమైందో, చదువుకు పెట్టుబడి ఎందుకు ఆలస్యమైందో వెతికేవారు జీవోల కన్నా ముందు ఇక్కడ చూడాలి.

శిక్షణార్థిగా చేరి, స్టాఫ్ నర్సై, హెడ్‌నర్సు కావడం దాకా స్థానికులకు దారి ఉండేది. ఆపైన మేట్రన్ లేదా నర్సింగ్ సూపరింటెండెంట్ కుర్చీ చాలా మిషన్ ఆసుపత్రుల్లో దశాబ్దాలపాటు విదేశీ నర్సులదే. దీనికి జాతి వివక్ష ఒక కారణమైతే, పరిపాలన నేర్పే చదువు ఇక్కడ లేకపోవడం రెండో కారణం. అమెరికాలో ఆ చదువు అప్పటికే ఉంది. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన టీచర్స్ కాలేజీ 1899లో హాస్పిటల్ ఎకనామిక్స్ పేరుతో, శిక్షణ పూర్తయిన నర్సులను సూపరింటెండెంట్లుగా తయారుచేయడానికి ప్రత్యేక కోర్సు తెరిచింది. 1907లో అదే కళాశాలలో అడిలైడ్ నట్టింగ్ ప్రపంచంలోనే మొదటి నర్సింగ్ ప్రొఫెసర్ అయ్యారు. నర్సుకు నాయకత్వం పుట్టుకతో వచ్చేది కాదు, నేర్పితే వచ్చేది అన్న ఆలోచనకు అది తొలి సంస్థాగత రూపం.

ఇక్కడ మాత్రం మొదట తేల్చుకోవలసింది నర్సు అంటే ఎవరు అన్న ప్రశ్న. ఒక్కో ఆసుపత్రి తనకు తోచినంత కాలం, తనకు తోచిన పాఠం నేర్పి సర్టిఫికెట్ ఇచ్చేది. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ 1908లో ఏర్పడింది. దక్షిణాది మిషన్ ఆసుపత్రులు ఉమ్మడి పరీక్షల బోర్డు పెట్టుకుని పాఠ్యాంశాలను ఒక దారికి తెచ్చాయి. 1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. రిజిస్టరులో పేరున్నవారే శిక్షణ పొందిన నర్సులని చట్టం చెప్పడం ఈ ప్రాంతానికి అదే మొదలు. ఆంధ్ర రాష్ట్రం, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా కోస్తా, సీమ జిల్లాల్లో ఆ చట్టమే ఆంధ్ర ప్రాంతపు చట్టంగా కొనసాగింది.

మదనపల్లె పేరు దేశమంతా తెలియడానికి కారణమైన సంస్థ మరొకటి. ఊరికి కొద్ది దూరంలో, సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున్న పొడినేలలో, కొన్ని మిషన్లు కలిసి క్షయ రోగులకోసం శానిటోరియం నిర్మించాయి. యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియం అన్నది దాని పూర్తి పేరు. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమొట్ మొల్లర్ 1912లో మదనపల్లెలో పని మొదలుపెట్టారు, 1915 నుంచి ఇప్పుడున్న చోట శానిటోరియం నడిచింది. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు స్థిరపడింది. క్షయకు మందు లేని రోజులవి. రాబర్ట్ కాక్ 1882లో క్రిమిని కనిపెట్టినా దాన్ని చంపే మందు మరో అరవై ఏళ్లకు గాని రాలేదు. అంతవరకూ చికిత్స అంటే విశ్రాంతి, బలమైన తిండి, గాలీ వెలుతురూ, క్రమశిక్షణ.

అంటే శానిటోరియంలో చికిత్సలో అధిక భాగం నర్సు చేతిలో ఉండేదన్నమాట. డాక్టరు వారానికి ఎన్నిసార్లు చూసినా, రోగి రోజంతా గడిపేది నర్సు పెట్టిన క్రమంలోనే. ఉష్ణోగ్రత, నాడి, బరువు రాసిపెట్టడం, ఎవరు మంచం దిగకూడదో, ఎవరు వరండా దాకా నడవవచ్చో, ఎవరు తోటపని చేయవచ్చో గమనించడం, కఫం పట్టే గిన్నెలు సేకరించి కాల్పించడం, నెత్తురు కక్కిన రోగి పక్కన భయపడకుండా నిలబడడం ఆమె దినచర్య. జ్వరం పట్టికలో చిన్న మార్పును ఆమె ముందు పసిగడితే వైద్యుడికి తెలిసేది, లేకపోతే లేదు. ఊపిరితిత్తి చుట్టూ గాలి ఎక్కించి దాన్ని ముడిచి ఉంచే చికిత్స వచ్చాక ఆ సూదులు, గాలి కొలిచే పరికరం సిద్ధం చేయడం, గాలి ఎక్కించే తేదీలు తప్పకుండా చూడడం కూడా నర్సింగ్ పనిలో చేరాయి. పక్కటెముకలు తీసే శస్త్రచికిత్సలు మొదలయ్యాక ఆపరేషన్ తర్వాతి సంరక్షణ మరో విద్య అయింది.

ఇంట్లోవాళ్లను వదిలి నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఉండే రోగుల మనసు నిలబెట్టడం మరింత కష్టమైన పని. తిరగబడేవారు, పారిపోదామని చూసేవారు, ఉత్తరం రాకపోతే తిండి మానేసేవారు ఉంటారు. ఇటువంటి వార్డును చేతిలో పెట్టుకుని నడిపిన హెడ్‌నర్సు రోగనిర్ధారణ తప్ప అన్నీ చేస్తున్నట్టే లెక్క. ప్రపంచంలో చాలా శానిటోరియాల్లో కనిపించే మరో సంగతి కూడా చెప్పాలి: నయమైన రోగుల్లో కొందరు అక్కడే శిక్షణ పొంది ఉద్యోగులయ్యేవారు. అంటు భయంతో బయటివాళ్లు రాని చోట ఆ జబ్బును తెలిసినవాళ్లే సేవకు మిగిలేవారు.

ఆరోగ్యవరంలో పనిచేసిన వైద్యులకు ఆ అనుభవం మెట్లుగా ఉపయోగపడింది. ఫ్రిమొట్ మొల్లర్ దేశస్థాయి క్షయ నివారణ సంఘంలో కీలక బాధ్యతకు వెళ్లారు. ఆయన తర్వాత శానిటోరియం సూపరింటెండెంటుగా ఉన్న పి.వి. బెంజమిన్ భారత ప్రభుత్వానికి క్షయ వ్యవహారాల సలహాదారై 1955లో పద్మశ్రీ అందుకున్నారు. అదే వార్డుల్లో అంతే కాలం పనిచేసిన నర్సుకు అటువంటి నిచ్చెన లేదు. ఆమె నేర్చింది గొప్పదైనా దాన్ని కొలిచే పరీక్ష, గుర్తించే పట్టా, ఆ పట్టా అడిగే ఉద్యోగం దేశంలో లేవు.

ఆ నిచ్చెనకు మొదటి మెట్టు యుద్ధకాలంలో పడింది. రెండో ప్రపంచయుద్ధం సైనిక ఆసుపత్రులకు నర్సుల కొరతను బయటపెట్టింది. ఉన్న నర్సుల్లో వార్డులను, శిక్షణ బళ్లను నడపగలవారు మరీ తక్కువని కూడా తేలింది. 1943లో ఢిల్లీలో నర్సింగ్ అడ్మినిస్ట్రేషన్ పాఠశాల ప్రారంభమైంది. ఈ దేశంలో నర్సులకు పరిపాలన నేర్పాలని పెట్టిన తొలి ప్రత్యేక సంస్థ అదే. 1946లో అది నర్సింగ్ కళాశాలగా మారి ఢిల్లీ విశ్వవిద్యాలయం కింద బీఎస్సీ మొదలుపెట్టింది. మార్గరెట్టా క్రెయిగ్ దాని తొలి ప్రిన్సిపాల్. ఇప్పుడది రాజకుమారి అమృత్ కౌర్ కళాశాల. అదే 1946లో వేలూరు నర్సింగ్ పాఠశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా కళాశాల స్థాయికి ఎదిగింది. దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ నివేదిక కూడా ఆ ఏడాదిదే. దేశంలో శిక్షణ పొందిన నర్సులు దాదాపు 7,000 మంది మాత్రమేనని, 43,000 మందికి ఒక నర్సు పడుతోందని ఆ నివేదిక లెక్క తేల్చింది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947లో వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో టి.కె. అడ్రన్‌వాలా భారత ప్రభుత్వ నర్సింగ్ వ్యవహారాలకు పెద్దగా నిలిచారు. కేంద్రంలో ఆ స్థానం భారతీయ నర్సుకు దక్కడం అదే మొదలు. 1959లో ఢిల్లీ కళాశాల రెండేళ్ల మాస్టర్స్ కోర్సు ప్రారంభించింది. 1960ల చివరికి వేలూరులో కూడా ఎమ్మెస్సీ వచ్చింది. మదనపల్లె నుంచి, కుప్పం నుంచి రైలెక్కి వెళ్లగల దూరంలో నర్సుకు అత్యున్నత చదువు అందుబాటులోకి రావడం అప్పుడే. అందుబాటు అన్న మాటను కొంచెం జాగ్రత్తగా వాడాలి. బీఎస్సీ లేనిదే ఎమ్మెస్సీ లేదు. మూడున్నరేళ్ల సర్టిఫికెట్ శిక్షణ పొంది ఉద్యోగంలో ఉన్న నర్సు మళ్లీ రెండేళ్లు పోస్ట్ సర్టిఫికెట్ బీఎస్సీ చేసి, తర్వాత ఇంకో రెండేళ్లు ఎమ్మెస్సీ చేయాలి. అదంతా ఇంగ్లీషులో. తెలుగు మాధ్యమంలో చదివి, రోగులతో తెలుగు, తమిళం మాట్లాడుతూ పదేళ్లు పనిచేసిన నర్సుకు ఆ నాలుగేళ్ల దారి చిన్నది కాదు. హైదరాబాద్‌లో ప్రభుత్వ నర్సింగ్ కళాశాల ఏర్పడడంతో సొంత రాష్ట్రంలో ఒక గమ్యం దొరికినా, చిత్తూరు జిల్లా దక్షిణ కొసనుంచి హైదరాబాద్ వేలూరు కన్నా ఎన్నో రెట్లు దూరం.

ఈలోగా మదనపల్లెలో నర్సు పని స్వరూపమే మారిపోయింది. 1948లో దేశంలో బీసీజీ టీకా ప్రయోగాత్మకంగా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుంచి 1955 వరకు చుట్టుపక్కల గ్రామాల్లో క్షయ వ్యాప్తిపై విస్తృతమైన అధ్యయనం జరిగింది. దానికి నాయకత్వం వహించిన, క్రిస్టియన్ కుమారుడు యోహాన్నెస్ ఫ్రిమొట్ మొల్లర్ దాని ఫలితాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో 1960లో ప్రచురించారు. ఇంటింటికీ తిరగడం, చర్మపరీక్ష చేసి మళ్లీ వచ్చి చూడడం, ఎక్స్‌రేకు జనాన్ని ఒప్పించడం వంటి పనులు శానిటోరియం గోడల మధ్య నేర్చినవి కావు. ఐసోనియజిడ్ 1952లో వచ్చింది. మద్రాసు కీమోథెరపీ కేంద్రం ప్రయోగాలు ఇంటి దగ్గర మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత ఫలితం వస్తుందని 1959 నాటికి తేల్చేశాయి. శానిటోరియాల యుగం దానితో ముగింపుకు వచ్చింది. ఆరోగ్యవరం క్రమంగా సాధారణ వైద్యకేంద్రంగా మారింది.

మంచాలు ఖాళీ అవుతుంటే నాయకత్వం ఊళ్లలోకి నడిచింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఏఎన్‌ఎంలు, వారిమీద లేడీ హెల్త్ విజిటర్లు, జిల్లాలో పబ్లిక్ హెల్త్ నర్సులు అనే వరస ఏర్పడింది. 1973 నాటి కర్తార్ సింగ్ కమిటీ ఏఎన్‌ఎంను మహిళా ఆరోగ్య కార్యకర్తగా, విజిటర్‌ను సూపర్‌వైజరుగా మార్చమంది. టీకాలు, కుటుంబ నియంత్రణ లక్ష్యాల కింద ఈ సూపర్‌వైజర్ల పని ఎక్కువగా రిజిస్టర్లు సరిచూసే పనిగా కుదించుకుపోయింది. పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో ఏ ఇంట్లో ఎవరికి కాన్పు దగ్గరపడిందో తెలిసిన మనిషిని లెక్కలు పంపే మనిషిగా చూడడం ఆనాటి విధానంలోని పెద్ద లోపం.

పట్టాల కథలో మలుపు 1986లో వచ్చింది. ఆ ఏడాది విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడింది, తర్వాత దానికి ఎన్టీఆర్ పేరు పెట్టారు. రాష్ట్రంలోని నర్సింగ్ డిగ్రీలన్నీ ఒకే విశ్వవిద్యాలయం కిందికి వచ్చాయి. ఆ దశకం చివర్లోనే సరోజినీ వరదప్పన్ అధ్యక్షతన కేంద్రం నియమించిన ఉన్నతాధికార కమిటీ నర్సుల పని పరిస్థితులు, చదువు, పదోన్నతులపై నివేదిక ఇచ్చింది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ నర్సింగ్ కళాశాలలో ఎమ్మెస్సీ కూడా రావడంతో రాయలసీమ అమ్మాయిలకు వేలూరు ఒక్కటే దారి అన్న స్థితి పోయింది. 1996లో కర్ణాటకలో రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చాక బెంగళూరు, కోలారు కళాశాలలు కుప్పం, మదనపల్లె పిల్లలను పెద్ద సంఖ్యలో లాక్కున్నాయి.

కుప్పానికి 2000 దశకం తొలి ఏళ్లలో పెద్ద మార్పు వచ్చింది. బెంగళూరులో విద్యాసంస్థలు నడుపుతున్న ఎం.ఆర్. దొరెస్వామి పీఈఎస్ వైద్య కళాశాలను, బోధనాసుపత్రిని అక్కడ నెలకొల్పారు. నర్సింగ్ కళాశాల కూడా ఆ ప్రాంగణంలో భాగమైంది. అప్పటిదాకా పెద్ద జబ్బుకు రైలెక్కి వేలూరుకో బెంగళూరుకో పోయే ఊరికి మూడు రాష్ట్రాల రోగులు రావడం మొదలైంది. బోధనాసుపత్రిలో నర్సుల వ్యవస్థ చిన్న ఆసుపత్రి వంటిది కాదు. వార్డు ఇన్‌చార్జి, సూపర్‌వైజర్, డిప్యూటీ సూపరింటెండెంట్, సూపరింటెండెంట్ అనే మెట్లతోపాటు ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు, నాణ్యత ప్రమాణాలు చూసే నర్సు వంటి కొత్త పదవులు ఏర్పడతాయి. ఐసీయూలో ఒక షిఫ్టుకు బాధ్యురాలైన నర్సు వెంటిలేటర్ అలారాన్ని, తమిళంలో ఏడుస్తున్న తల్లిని, కన్నడంలో బిల్లు అడుగుతున్న మామను, కొత్తగా చేరిన జూనియర్ వైద్యుణ్నీ ఒకేసారి చూసుకోవాలి.

అటువంటి పనికి ఎమ్మెస్సీ ఎంతవరకు సిద్ధం చేస్తుందన్నది అసలు ప్రశ్న. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పాఠ్యక్రమం ప్రకారం ఎమ్మెస్సీ రెండేళ్లు. మెడికల్ సర్జికల్, కమ్యూనిటీ హెల్త్, పిల్లల ఆరోగ్యం, ప్రసూతి, మానసిక ఆరోగ్యం అనే అయిదు విభాగాల్లో ఒకటి ఎంచుకోవాలి. మొదటి ఏడు నర్సింగ్ విద్య, ఉన్నత నర్సింగ్ సాధన, పరిశోధన, గణాంకాలు, ఎంచుకున్న విభాగం. రెండో ఏడు నర్సింగ్ మేనేజ్‌మెంట్, మళ్లీ విభాగం, సిద్ధాంత వ్యాసం. చేరాలంటే రిజిస్టర్డ్ నర్సుగా ఉండి, బీఎస్సీలో 55 శాతం మార్కులు, కనీసం ఒక ఏడాది అనుభవం ఉండాలి. కాగితం మీద ఇది వార్డు పెద్దను తయారుచేసే చదువే. మేనేజ్‌మెంట్ పాఠంలో సిబ్బంది కేటాయింపు, బడ్జెట్, పనితీరు మదింపు, మార్పును నడిపించడం అన్నీ ఉన్నాయి.

ఆచరణలో ఆ పట్టా మరో వైపు తీసుకెళ్లింది. 1990ల నుంచి ప్రైవేటు నర్సింగ్ కళాశాలలు వేగంగా పెరిగాయి. ప్రతి కళాశాలకూ నిర్ణీత సంఖ్యలో ఎమ్మెస్సీ అధ్యాపకులు ఉండాలన్నది కౌన్సిల్ నిబంధన. ఎమ్మెస్సీ ముగించిన నర్సుకు మరునాడే లెక్చరరు ఉద్యోగం దొరికేది. అందులో నైట్ డ్యూటీలు లేవు, ఆదివారం సెలవు, మేడమ్ అన్న పిలుపు. వార్డులో ఉండిపోతే అదే జీతానికో అంతకన్నా తక్కువకో షిఫ్టుల్లో తిరగాలి. పిల్లలున్న స్త్రీ ఏది ఎంచుకుంటుందో ఊహించడం కష్టం కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనైతే స్టాఫ్ నర్సు నుంచి హెడ్‌నర్సు, ఆపై గ్రేడ్ 2, గ్రేడ్ 1 సూపరింటెండెంట్ పదవులు ప్రధానంగా సీనియారిటీ మీద నడిచాయి. ఎమ్మెస్సీ చేసినామె, చేయనామె ఒకే వరసలో నిలబడి రిటైర్మెంట్లు లెక్కపెట్టుకోవలసిందే. ఆ పద్ధతిని పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. ఇరవై ఏళ్ల అనుభవానికి విలువ ఇచ్చింది అదొక్కటే. కానీ చదువుకున్న నేర్పు మంచం దగ్గరికి తిరిగి రావడానికి అందులో ద్వారం లేదు. దేశంలో నర్సింగ్ పోస్ట్‌గ్రాడ్యుయేషన్ అరవై ఏళ్లుగా ఎక్కువగా తయారుచేసింది అధ్యాపకులను, రోగి పక్కన నిలిచే నిపుణులను కాదు.

బయటి దేశాల్లో ఈ పేచీ వేరేగా తేలింది. హిల్డెగార్డ్ పెప్లావ్ 1954లో రట్జర్స్ విశ్వవిద్యాలయంలో మానసిక రోగుల నర్సింగ్‌లో నిపుణులకోసం మాస్టర్స్ కోర్సు పెట్టారు. క్లినికల్ నర్స్ స్పెషలిస్ట్ అన్న పాత్రకు అది మూలం. 1965లో కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్, హెన్రీ సిల్వర్ నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ మొదలుపెట్టారు. ఆ నర్సులు రోగిని పరీక్షించి, కొంత మేరకు చికిత్స కూడా నిర్ణయిస్తారు. అక్కడ మాస్టర్స్ పట్టా నర్సును రోగికి దగ్గర చేసింది.

భారతదేశంలో ఆ దారి 2016-17 ప్రాంతంలో తెరుచుకుంది. క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుకు నర్సింగ్ కౌన్సిల్ పాఠ్యక్రమం విడుదల చేసింది. రెండేళ్ల రెసిడెన్సీ పద్ధతి దీని ప్రత్యేకత. చదువులో అధిక భాగం ఐసీయూలోనే గడుస్తుంది, పాఠం పని పక్కనే సాగుతుంది. ప్రసవాల విషయంలో నర్స్ ప్రాక్టీషనర్ మిడ్‌వైఫ్‌లను తయారుచేయాలని కేంద్రం 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. తెలంగాణలో ఫెర్నాండెజ్ ఆసుపత్రి, ప్రభుత్వం కలిసి కరీంనగర్‌లో అంతకు ముందే మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. రెండేళ్లు ఉద్యోగం వదులుకోలేని నర్సులకు క్రిటికల్ కేర్, ఎమర్జెన్సీ, క్యాన్సర్ వంటి విభాగాల్లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలు ఉన్నాయి. వార్డు పనికి నేరుగా అక్కరకొచ్చేవి అవే అయినా పెళ్లి సంబంధాల్లోనూ, కళాశాల ప్రకటనల్లోనూ ఎమ్మెస్సీకి ఉన్న వెల వాటికి లేదు.

పల్లె వైపు చూస్తే చక్రం ఒక చుట్టు తిరిగినట్టే ఉంటుంది. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద ఉపకేంద్రాలను హెల్త్ అండ్ వెల్‌నెస్ కేంద్రాలుగా మార్చడం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లుగా బీఎస్సీ నర్సులను నియమించారు. రక్తపోటు, మధుమేహం పరీక్షించడం, మందులు అందించడం, డాక్టరుకు టెలీమెడిసిన్‌లో చూపించడం, ఎవరిని పెద్దాసుపత్రికి పంపాలో తేల్చడం వీరి పని. పుంగనూరు మండలంలోని ఊళ్లలో ఈ ఉద్యోగంలో ఉన్న యువతి చేసే నిర్ణయాలు పాత మిషన్ డిస్పెన్సరీ నర్సు చేసినవాటికి దూరం కావు. తేడా ఏమిటంటే ఇప్పుడామెకు డిగ్రీ ఉంది, పదవికి పేరుంది, విధుల జాబితా ఉంది. కమ్యూనిటీ హెల్త్‌లో ఎమ్మెస్సీ చేసినవారికి వీరిమీద క్లినికల్ పర్యవేక్షణ బాధ్యత ఇస్తే ఆ విభాగానికి సహజమైన ఉపయోగం దొరుకుతుంది. ప్రస్తుతం ఆ విభాగం పట్టభద్రుల్లో ఎక్కువమంది బోధనలోనే ఉన్నారు.

2021లో నర్సింగ్ కౌన్సిల్ సవరించిన బీఎస్సీ పాఠ్యక్రమం సెమిస్టరు పద్ధతికి మారి, నర్సింగ్ మేనేజ్‌మెంట్‌తోపాటు నాయకత్వాన్ని కూడా పాఠం పేరులోకి తెచ్చింది. నాయకత్వం ఎమ్మెస్సీ దాకా ఆగి నేర్చుకునేది కాదని ఒప్పుకున్నట్టే. 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలో నిలవడానికి చేసిన చట్టమిది. జాతీయ కమిషన్‌తోపాటు రాష్ట్ర కమిషన్లు, జాతీయ, రాష్ట్ర రిజిస్టర్లు ఇందులో ఉన్నాయి. ఎమ్మెస్సీ, నర్స్ ప్రాక్టీషనర్, పోస్ట్ బేసిక్ డిప్లొమా ఏది చేసినా నర్సు దాన్ని రాష్ట్ర కౌన్సిల్‌లో అదనపు అర్హతగా నమోదు చేయించుకోవచ్చు. ఆ అర్హతకు ఆసుపత్రిలో ఏ పదవి, ఏ జీతం ఇవ్వాలన్నది మాత్రం రిజిస్టరు చెప్పదు. ప్రభుత్వంలో సర్వీసు నిబంధనలు, ప్రైవేటులో యాజమాన్యాలు దాన్ని నిర్ణయిస్తున్నాయి.